దుర్గ మింగిన పొగ

కళావతి దవాఖానా నుంచి ఇంటికి వచ్చిన రోజు వాడకట్టంతా ఆమె గుమ్మం ముందే ఉంది. కొబ్బరిబోండాలు తెచ్చినవాళ్లు తెచ్చారు, బత్తాయిలు తెచ్చినవాళ్లు తెచ్చారు. గోడకు ఇవతల దుర్గ బట్టలు పిండుతూ దగ్గింది. ఎవరూ ఇటు తిరగలేదు. ఇంకాస్త గట్టిగా దగ్గింది.

"గంత దగ్గకే, ఆమె పండుకోవాలె," అన్నది అత్త పిచ్చమ్మ.

దుర్గ చేతిలోని చీరను నీళ్లు కారిపోయాక కూడా మెలిపెడుతూనే ఉంది.

బూర్గంపాడు దాటాక రోడ్డు పక్కనున్న ఒక రిసార్టులో ఈతకొలను కడిగే పని వాళ్లిద్దరిదీ. నీళ్లలో క్రిములు చావడానికి క్లోరిన్ పౌడరు, గచ్చు మీద పాచి పోవడానికి యాసిడ్. వేటికవి వాడితే పని జరుగుతుంది. రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే వాయువు పుడుతుంది. ఆ సంగతి డబ్బాల మీద ఇంగ్లీషులో ఉంది. వాళ్లకు చదివి చెప్పినవారు లేరు.

కళావతి దవాఖానా పాలైన ఆదివారం, పెళ్లివాళ్లు దిగుతున్నారని మేనేజరు మురళీకృష్ణ హడావుడి పెట్టాడు. ఉన్న రెండు బకెట్లలో ఒకటి వంటింటికి పోయింది. "ఉన్నదాంట్లనే రెండూ కలిపి కొట్టుండ్రి, జల్దీ!" అన్నాడు. పంపు రూములో కళావతి పౌడరున్న బకెట్‌లో యాసిడ్ వంచింది. పసుపుపచ్చని పొగ బుస్సుమని లేచింది. ఆమె అక్కడే కూలబడింది. గుమ్మం దగ్గరున్న దుర్గ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి ఉరికి, ఆమె జబ్బలు పట్టి బయటికి ఈడ్చుకొచ్చింది.

కళావతిని కారులో తీసుకెళ్లారు. దుర్గ మొహం కడుక్కుని మిగిలిన గచ్చు కడిగింది. ఇంటికి వచ్చాక, చీరకు ఆ విషం అంటుకుని ఉంటుందేమోనని, చంకెక్కబోయిన కూతురు భానును తోసేసి ముందు స్నానానికి పోయింది. అప్పటినుంచి బిందె ఎత్తితే చాలు, ఛాతీ పట్టేస్తోంది. కూలి పోతుందని దవాఖానాకు పోలేదు. పోలేదు గనక కాగితం లేదు. కాగితం లేదు గనక దుర్గది ఉత్త దగ్గు, కళావతిది కేసు.

కళావతి తరఫు వకీలు లేబర్ ఆఫీసులో నష్టపరిహారానికి దరఖాస్తు వేసి, దుర్గను సాక్షిగా పెట్టాడు. అది తెలిసి మురళీకృష్ణ దుర్గ ఇంటికి వచ్చాడు.

"మాస్కులు ఇచ్చినం, కళావతే తీసి పారేసిందని చెప్పు దుర్గమ్మా. వద్దన్నా కలిపిందను. గదొక్కటి చాలు, ఆమె కేసు పోతది. వచ్చే నెల నుంచి సూపర్‌వైజర్‌వి నువ్వే."

సూపర్‌వైజర్ కావడంకన్నా, కళావతి కేసు పోతుందన్న మాటే దుర్గ మనసుకు చల్లగా తగిలింది. అలా తగిలినందుకు తనకే భయమేసింది.

"ఆమెకు పైసలొస్తే నీకేమన్న పెడ్తదా?" అన్నది పిచ్చమ్మ, అతను వెళ్లాక.

"నాకెందుకు పెడ్తది? బత్తాయి తొక్కు గూడ పెట్టలే."

ఖమ్మం లేబర్ ఆఫీసులో విచారణ రోజు కళావతికి ఫ్యాన్ కింద కుర్చీ వేశారు. దుర్గ గోడకు ఆనుకుని నిలబడింది. ప్రాణానికి తెగించి పనిచేసిన మనిషని కళావతిని ఆమె వకీలు పొగుడుతుంటే దుర్గకు ఒళ్లు మండిపోయింది.

రిసార్టు వకీలు ఆమెను ముందుకు పిలిచాడు. "మాస్కులు ఇచ్చారు, కళావతే పెట్టుకోలేదు. అంతేనా అమ్మా?"

దుర్గ నోరు తెరిచింది. అవునని చెప్పడానికే తెరిచింది. ఆలోపే అతను, "మీరూ అక్కడే ఉన్నారు. మీకేమీ కాలేదు కదా!" అని నవ్వాడు.

"ఏందీ? నాకేం కాలేదా?" ఆ గొంతుకు గదంతా ఇటు తిరిగింది. "ఊపిరితిత్తులు ఆమెకొక్కదానికే ఉన్నయా? ఆమెను ఈడ్చుకొచ్చింది ఎవరు? మాస్కట, మాస్కు! గీ కొంగే నా మాస్కు. ఒక్క బకెట్ల కలపమన్నది గా సారే, గక్కడ కూసున్నడు సూడుండ్రి. పొగ నేను గూడ మింగిన. మరి నన్నెవ్వరూ అడగరేంది?"

దగ్గు తెర కమ్మి మాట ఆగింది. మురళీకృష్ణ ఫోను చూసుకుంటున్నాడు. విచారణ చేస్తున్న లేబర్ అధికారి అంతా రాయించి, పరీక్షలు చేయించుకుని ఆమె కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పాడు.

బస్టాండులో కళావతి ఆమె చెయ్యి పట్టుకుంది. "నీ మేలు మర్వనక్కా."

"నీ కోసం చెప్పలే," అని దుర్గ చెయ్యి లాక్కుంది.

"ఎవరి కోసమైతేంది. రేపు ఛాతీ డాక్టరు దగ్గరికి పోదాం. గొట్టంల ఊదమంటరు. ఊపిరెంతుందో మిషన్ చెప్తది."

"నీదెంత చెప్పింది?"

"ఉండాల్సిన దాంట్ల సగం."

దుర్గ బస్సు వచ్చే వైపు చూసింది. "నాది గంత గూడ ఉండదు సూడు," అన్నది. అనగానే ఆ మాట అబద్ధం కావాలని లోపలే మొక్కుకుంది. అట్లాగని కళావతికన్నా బాగా ఊదడం కూడా ఆమెకు ఇష్టం లేదు.