శనివారం చేపనూనె

నా కంట్లో మందు వెయ్యడానికి మా అత్తమ్మ పిన్నీసును స్టవ్ మీద కాల్చిన రోజు, పెళ్లయ్యాక మొదటిసారి ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

అప్పటికి పది రోజులుగా నా కుడి కన్ను చింతనిప్పులా ఉంది. నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్తాను. పొద్దున ఏడింటి బ్యాచ్ నుంచి సాయంత్రం దాకా ఏసీ గది, ప్రొజెక్టర్ వెలుగు. తెర మీద నేను రాసిన కోడ్ నాకే మసకగా కనబడి, వెనక బెంచీ పిల్లలు నా తప్పులు చెప్పడం మొదలుపెట్టారు. పంజాగుట్టలో కంటి డాక్టరమ్మకు చూపిస్తే కార్నియా వాచిందంది. అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర.

"నిర్లక్ష్యం చేస్తే మచ్చ పడుతుంది. పడితే ఈ మసక పోదు."

చుక్కల మందుతోపాటు లోపల నూనె ఉండే మెత్తటి ఒమేగా-3 గోలీ రోజుకొకటి రాసింది. చిన్నప్పుడు సైన్సు పాఠంలో బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలని బట్టీపట్టి మరిచిపోయినవే, ఇప్పుడు ఈ గోలీలోని చేపనూనెలో దొరికాయి. చేప కూడా తినమంది. "ఇవి తోడు మాత్రమే. అందరికీ పనిచేస్తాయని తేలలేదు. చుక్కలు మాత్రం మానొద్దు," అంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

ఇంట్లో అత్తమ్మ వైద్యం వేరు. కన్నెర్రబడితే పథ్యమే. "చేపలు వేడి చేస్తయి బిడ్డా. గా డాక్టర్లకేమెరుక?" అని చారన్నం పెట్టేది. నేను అదే తిని, గోలీ చాటుగా మింగేదాన్ని. యాభై మంది ముందు నిలబడి పాఠం చెప్పేదాన్ని, బీరువా తలుపు చాటున మందు మింగడమేమిటని నా మీద నాకే ఒళ్లు మండేది.

ఒక శనివారం మధ్యాహ్నం ఆ గోలీల డబ్బా ఆమె కంటబడింది.

"బాధ కంట్ల ఉంటే నోట్లెందుకు ఏస్కుంటున్నవ్? కంట్ల పడాలె గని!"

పసిపిల్లల కళ్లలో ఆముదం చుక్క వేసి నలుగురిని పెంచిన మనిషి. కాల్చిన పిన్నీసుతో గోలీకి బెజ్జం పెట్టి, ప్రేమగానే, నా గడ్డం పైకెత్తింది. అప్పుడే చెయ్యి పట్టుకున్నాను. నూనె ఆమె వేలి మీదికి కారింది. వాసన చూసింది.

"చేప! అయ్యో, ఇయ్యాల శనివారం!"

మా ఇంట్లో శనివారం నీసు గడప తొక్కదు.

"నా కన్నుకు శనివారం తెల్వదు అత్తమ్మా," అన్నాను. నాకు కోపం కన్నా భయమే ఎక్కువ. "గుడ్డిదాన్నయితే నన్ను పాఠాలెవరు చెప్పనిస్తరు?"

ఇంకో గోలీ తీసి ఆమె ఎదుటే మింగాను. ఆమె ఇల్లంతా పసుపునీళ్లు చల్లి, సోమవారం దాకా నాతో మాట్లాడలేదు.

నెల తర్వాత వాపు పోయింది. మచ్చ పడలేదు. చుక్కలే ముఖ్యమనీ, గోలీ ఎంత సాయపడిందో చెప్పలేననీ డాక్టరమ్మ అంది. కళ్లు పొడిబారుతున్నాయి కనుక గోలీ ఇంకొన్నాళ్లు వేసుకోమంది. అత్తమ్మ మాత్రం తన పథ్యంతోనే తగ్గిందని చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పుకుంటోంది. చెప్పుకోనీ.

ఇప్పుడు బీరువా చాటుకు పోను. శనివారమైనా సరే, హాల్లో ఆమె కుర్చీ ఎదురుగా నిలబడే గోలీ మింగుతాను. ఆమె మొహం చిట్లిస్తుంది. ఆ నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటీ నాకు స్పష్టంగా కనబడుతున్నాయి.