చుక్కోడికి తాపిన నీళ్ళు

పదకొండు వారాలు నా ముక్కుకి ఏ వాసనా తెలియలేదు. ఐర్లండ్‌లో, కిల్కెన్నీలో నేను నర్సుగా పనిచేసే చోటే ఎక్కడో అంటుకుంది ఆ మాయదారి వైరస్. జ్వరం నాలుగు రోజుల్లో పోయింది, దగ్గు పది రోజుల్లో పోయింది, ముక్కు మాత్రం అలిగి కూర్చుంది. పోపు మాడినా తెలియదు, కాఫీ వేడినీళ్ళలా ఉండేది, ఇంగువ డబ్బాలో ముక్కు దూర్చి పీల్చినా శూన్యం. అలాంటిది మార్చిలో ఒక మధ్యాహ్నం వంటింటి కిటికీ తీసి గిన్నెలు కడుగుతుంటే, ఊరవతల పొలాల్లో చల్లుతున్న పశువుల పేడనీళ్ళ కంపు, ఇక్కడివాళ్ళు స్లరీ అంటారే అది, గుప్పున వచ్చి మొహానికి కొట్టింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేశాను. టేబుల్ దగ్గర ఆన్‌లైన్ క్లాసులో ఉన్న మా అమ్మాయి షారన్, పద్నాలుగేళ్ళది, కంగారుగా మైకు ఆపేసి, "మమ్మీ, క్లోజ్ ద విండో! ఇట్స్ రాంక్!" అని అరిచింది. భరించలేని కంపని దాని ఐరిష్ ఉద్దేశం. నేను కిటికీ ఇంకాస్త తెరిచాను.

పేడ వాసనంటే నాకు మా నాన్న వాసన. మాది పల్నాడులో ఒక ఊరు. నాన్న అక్కడ ఒక ఆసామి దగ్గర పందెపు ఎద్దుల్ని సాకేవాడు. అవి దుక్కి దున్నే ఎద్దులు కావు, బండి లాగేవీ కావు. తిరునాళ్ళలో ఇంత లావు రాతిబండని గొలుసులేసి లాగే ఎద్దులు. అదే వాటి పని, దానికోసమే ఏడాదంతా వాటికి రాజభోగం. చీకటితో లేచి ఉలవలు ఉడకేసి, నానిన పత్తిగింజలు రోట్లో రుబ్బి, తవుడూ బెల్లమూ కలిపి ముద్దలు చేసి నాన్న వాటి నోటికి అందించేవాడు. మాకు కోడిగుడ్డు ఆదివారం చర్చి నుంచి వచ్చాక తలా సగం, ఎద్దులకి మాత్రం రోజూ. కాలవలో ఈత కొట్టించి, వరిగడ్డి చుట్టతో ఒళ్ళంతా రుద్ది, గాజుపెంకుతో కొమ్ములు గీరి ఆముదం పట్టించి, మూపురం మీద అరచెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడేవాడు. ఆ నిలబడటం నాకు బాగా గుర్తు. మా తలల మీద ఆయన చెయ్యి అంతసేపు ఉన్నట్టు మాత్రం గుర్తులేదు, నిజం చెప్పొద్దూ, అందుకు నాకు కుళ్ళుగా కూడా ఉండేది.

రెండు ఎద్దులు, ఒకడు బూదోడు, బూడిద రంగువాడు. ఇంకొకడు చుక్కోడు, తెల్లటి నుదుటి మీద నల్లచుక్క ఉన్నవాడు, కాడిలో ఎడమవైపు వాడి చోటు. చుక్కోడు నావాడు. నా అరచేతిలో ఉప్పు పోసుకుని వెళితే గరుకు నాలుకతో చేతిని నాకి, ఉప్పయిపోయాక మోచేతి దాకా నాకేవాడు. కొట్టంలో ఆ చొప్ప వాసన, ఉలవల ఆవిరి, మూత్రం ఘాటు, బయట కల్లాల్లో ఎండబోసిన మిరపకాయల కారపు గాలి, అన్నీ కలిసి ముక్కుల్లోకి పోతే నాకూ చుక్కోడికీ ఒకేసారి తుమ్ములొచ్చేవి. ఇదంతా చూసి నాయనమ్మకి ఒళ్ళు మండేది. "ప్రభువు గాడిదెక్కి వచ్చాడు గానీ ఎద్దులకి బండలు కట్టలేదురా! గుడి తిరునాళ్ళకి పోయి డప్పులకి ఎగురుతావా?" అని నాన్నని తిట్టిపోసేది. నాన్న నవ్వి, "నా పని ఎద్దులు అమ్మా, గుడి కాదు" అనేవాడు. ఆ జవాబు సరైనదో కాదో నాయనమ్మకి తేలలేదు, నాకూ తేలలేదు.

మా ఆటలు కూడా అవే. పేటలో పిల్లలం ఇటుకకి తాడు కట్టి, ఇద్దరు మెడలకి తువ్వాలు తగిలించుకుని వంగి లాగితే, వెనక ఒకడు వేపబెత్తం ఆడిస్తూ "హెయ్ హెయ్" అనేవాడు, ఇంకొకడు చెంబు నోటి దగ్గర పెట్టుకుని మైకులో చెప్పినట్టు అడుగులు లెక్కపెట్టేవాడు. నేను ఎప్పుడూ ఎద్దునే. మోకాళ్ళు దోక్కుపోయేవి, పిక్కల మీద బెత్తం చురుక్కుమనేది, అయినా సాయంత్రం మళ్ళీ నేనే ముందు తల దూర్చేదాన్ని. దెబ్బ తగిలితే ఏడుపు, ఎద్దుని కానివ్వకపోతే అంతకన్నా ఏడుపు. ఇదేం పిచ్చో ఎవరైనా చెబితే బాగుండు.

ఇవన్నీ ఏళ్ళ తరబడి నాలో అణిగి ఉన్నాయి. వాటిని కెలికింది షారన్ స్పానిష్ టీచరు. స్పెయిన్ ఎద్దుల పోరు గురించీ, పండుగల్లో జంతువుల్ని వాడుకోవడం గురించీ, సొంత దేశం వదిలి ఇక్కడ బతుకుతున్నవాళ్ళు ఏమనుకుంటున్నారో అడిగి రాసుకు రమ్మందట. అనుకూలం, వ్యతిరేకం, తెలియదు అని మూడు గళ్ళున్న కాగితం ఒకటి ప్రింటు తీసుకుంది మా పిల్ల. లాక్‌డౌన్ కదా, ఇంటి నుంచి అయిదు కిలోమీటర్లు దాటడానికి లేదు, దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడుగుతారు. కాబట్టి దానికి దొరికిన పరదేశులు ఇద్దరే, పక్కింటి పిలార్, నేను.

పిలార్ స్పెయిన్ మనిషి, ముసలివాళ్ళ హోములో వాళ్ళ బాగోగులు చూసే కేరర్, వచ్చి ఇరవై ఏళ్ళయింది. పెరటి గోడకి అటు ఆవిడ, ఇటు మేము, మధ్యలో రెండు మీటర్లు. "వ్యతిరేకం అని రాసుకో, అది హింస" అంది వెంటనే. షారన్ టిక్కు పెట్టేలోపు, "కానీ చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని, వీధిలో పరిగెత్తే ఎద్దుల్ని చూడటం కన్నా సంతోషం నాకు ఇంకోటి లేదని కూడా రాయి" అంది. ఇక్కడ పబ్బులో ఎవరైనా మీవాళ్ళు రాక్షసులు అంటే తనకి కోపం ముంచుకొస్తుందట, వాళ్ళతో పోట్లాడుతుందట, ఇంటికొచ్చి వాళ్ళన్నదే నిజమని ఏడుస్తుందట. ఈ ఏడాది పండుగలన్నీ రద్దయ్యాయి కదా, ఎద్దులు బతికిపోయినట్టే కదా అని షారన్ సంతోషంగా అడిగింది. పిలార్ కాదన్నట్టు చేతులు తిప్పింది. వాళ్ళ ఊళ్ళో వాటిని పెంచేవాడు మేత పెట్టలేక అన్నిటినీ మాంసానికి పంపేశాడట. షారన్ టిక్కుని మూడుసార్లు చెరిపింది, కాగితం చిరిగింది.

తర్వాత నా వంతు. నేను గొప్పగా మొదలుపెట్టాను. ఉలవలు, గుడ్లు, ఆముదం, కాలవలో ఈత అన్నీ చెప్పి, "వాళ్ళలా మేము చంపం తల్లీ, మాది బలం చూసుకునే పోటీ" అన్నాను. షారన్ రాసుకుంటూ, "సో, దే వేర్ నెవర్ హిట్?" అంది. చర్నాకోల ఉండేదని ఒప్పుకున్నాను. "అండ్ వెన్ దే లాస్ట్? వాట్ హాపెన్డ్ టు దెమ్?" అని ఓడిపోయిన ఎద్దుల సంగతి అడిగింది. ఆసుపత్రిలో రోగుల చుట్టాలు ఎన్ని అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని, ఇక్కడ మాత్రం దాని చేతిలో పెన్ను లాక్కున్నాను. నోట్సు పక్కన పెట్టించి, ఎవరికీ చెప్పనిది, మా ఆయనకి కూడా చెప్పనిది, ఆ పిల్లకి చెప్పాను.

నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. శివరాత్రి తిరునాళ్ళు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పక్క ఊరికి ఎద్దుల్ని ట్రాక్టరు ట్రక్కులో ఎక్కించి, వాటి పక్కనే నన్నూ ఎక్కించి తీసుకెళ్ళాడు నాన్న. జీళ్ళు, ఖర్జూరాలు, మిరపకాయ బజ్జీల నూనె, రంగుల బుడగలు, డప్పులు, మైకులో జత పేర్లు చెప్పే గొంతు, నాకు తల తిరిగిపోయింది. పోటీకి ముందు ఎద్దు కడుపు తేలిగ్గా ఉండాలి; అందుకని పొద్దున్నుంచీ వాటికి మేత లేదు, నీళ్ళు లేవు. ఆ సంగతి నాకు తెలుసు, తెలియదని అబద్ధం చెప్పను. నాన్నా ఆసామీ బండ చూసి రావడానికి వెళ్ళారు. వేపచెట్టు నీడలో చుక్కోడు నా చెయ్యి నాకాడు. నాలుక ఎండిపోయి గరగరలాడింది. అంతే, బాల్చీ తీసుకుని పక్కనే ఉన్న బోరింగు దగ్గరికి పరిగెత్తాను. నిండా మోయలేను కాబట్టి సగం సగం, ఎన్నిసార్లు తిరిగానో, గౌను ముందంతా తడుపుకుంటూ తాపాను. బూదోడు కూడా మెడ చాచాడు. వాడికి ఒక్క చుక్క పొయ్యలేదు. చుక్కోడే కదా నావాడు.

కాడి కట్టారు, గొలుసు తగిలించారు, ఈలలు, తువ్వాళ్ళు గాల్లోకి లేచాయి. కొంతదూరం బండ జరజరా కదిలింది. ఆ తర్వాత చుక్కోడి పక్కలు ఎగిరెగిరి పడ్డాయి, నోట్లో నురగ, ముందుకాళ్ళు మడిచి కూలబడ్డాడు. నాన్న చర్నాకోల లేచింది. అంతకుముందు నాన్న గాల్లోనే ఝళిపించేవాడు, ఆ చప్పుడుకే అవి కదిలేవి. ఆ రోజు మాత్రం ఒంటి మీద పడింది. మళ్ళీ పడింది. తెల్లటి ఒంటి మీద వాతలు తేలడం, నేను జనం కాళ్ళ మధ్య నుంచి చూశాను. నేనే తాపాను నాన్నా అని అరవాలి, అరవలేదు. నా నోట్లో జీడి ఉంది, అది నమలడం కూడా మానలేదు. నీళ్ళ వల్లే పడ్డాడో, ఎండకి పడ్డాడో, బండ బరువుకి పడ్డాడో నాకీ రోజుకీ తెలియదు. ఆ వారమే సంతలో ఆసామి వాణ్ణి అమ్మేశాడు. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో ఇంట్లో ఎవరూ నా ముందు మాట్లాడలేదు.

షారన్ కాగితం బోర్లించింది. తర్వాత, "డస్ తాతయ్య నో?" అంది. తెలియదన్నాను. "యూ హావ్ టు టెల్ హిమ్, మమ్మీ" అంది. చెప్పడం ఎంత తేలికో దానికి! చుక్కోడు తన పరువు తీశాడని ముప్పై ఏళ్ళుగా అనుకుంటున్న మనిషికి, ఆ పాపం వాడిది కాదు నాదని ఏ మొహంతో చెప్పను? చెబితే నాన్నకి నా మీద ప్రేమ పోతుందేమోనని భయం, నలభై దాటిన దాన్నైనా అదే భయం. చెప్పకపోతే పిల్ల ముందు తలెత్తుకోలేను. రెండు రాత్రులు డ్యూటీలో మాస్కు లోపల ఇదే నమిలాను.

ఆదివారం ఆన్‌లైన్ ప్రార్థన అయ్యాక గుంటూరులో అన్నయ్య ఫోనుకి వీడియో కాల్ చేశాను. నాన్న కుర్చీలో కూర్చుని, ఫోను మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. ఒక చెవీ కాస్త నుదురూ మాత్రమే కనిపిస్తున్నాయి. ముక్కు బాగుపడిందా అని అడిగాడు. పడింది నాన్నా, మొదట పేడ వాసనే తెలిసింది అన్నాను. పకపకా నవ్వాడు. ఆ నవ్వు పట్టుకునే, ఇక ఆగితే చెప్పలేనని, గడగడా చెప్పేశాను. షారన్ నా భుజం పట్టుకుని ఉంది.

నాన్న ఫోను కొంచెం దూరం జరిపాడు. మొహమంతా కనిపించింది.

"నాకు తెలుసు గదమ్మా" అన్నాడు. "నీ గౌను ముందంతా తడిసుండె గదా. ఎద్దు మూతి గూడా తడే."

"మరి ఎందుకు కాడి కట్టావు నాన్నా?"

"మైకులో పిలిచేశారు. ఆసామి నా పక్కనే ఉండె. నీళ్ళు తాగిందంటే ఎవురు తాపారంటాడు. అది కూలబడ్డాక ఆయన కళ్ళ ముందర ఎవుర్నో ఒకళ్ళని కొట్టాల గదమ్మా." ఫోను ఇంకో చేతిలోకి మార్చుకుని, "నిన్ను కొట్టలేక పోయా" అన్నాడు.

 అక్కడ అన్నయ్య వాళ్ళింట్లో కుక్కర్ విజిల్ వేసింది. నాన్న కళ్ళు తుడుచుకుని, షారన్ వైపు చూపు తిప్పి, "ఆ పిల్ల ఏందో రాసుకుంటందంటివే, ఎద్దు మంచిదని రాసుకోమను" అన్నాడు. షారన్‌కి తెలుగు అర్థమవుతుంది. కాగితం తీసి చూసింది. అనుకూలం, వ్యతిరేకం, తెలియదు. ఎద్దు మంచిదని రాయడానికి అందులో గడి లేదు.

సంతోషపడాలో కుమిలిపోవాలో నాకు తెలియడం లేదు. నా తల మీద నాన్న చెయ్యి ఉండలేదని కుళ్ళుకున్నదాన్ని, నా వంతు దెబ్బలన్నీ ఇంకొకరి వీపు మీద పెట్టి దాచాడని తెలిశాక ఏమనుకోవాలి? అది ప్రేమే, కాదనలేను. చుక్కోడికి అది ప్రేమ కాదు, అదీ కాదనలేను. 

ఆ కొట్టం ఇప్పుడు లేదు, దాని చోట కూల్‌డ్రింకుల గోడౌను కట్టారట. మా పేటలో పిల్లలు ఇటుకలు లాగడం లేదు. నాయనమ్మ లేదు, ఆసామి లేడు, చర్నాకోల ఏమైందో నాన్నకే గుర్తులేదు. నిన్న సాయంత్రం మళ్ళీ స్లరీ చల్లారు. ఈసారి షారనే వెళ్ళి కిటికీ తీసి, ముక్కు మూసుకోకుండా నిలబడి, "మీ కొట్టం ఇలాగే ఉండేదా?" అని వచ్చీరాని తెలుగులో అడిగింది. ఉండేది కాదని చెప్పాను. ఇందులో ఉలవల ఆవిరి లేదు, చొప్ప లేదు, ఆముదం లేదు. తిరునాళ్ళ రోజు ఇంటికొచ్చేసరికి నా గౌను ఆరిపోయి ఉంది. ఆసామి కూడా ఎక్కిన ట్రక్కులో దారి పొడుగునా నాన్న నన్ను ఎండవైపు ఎందుకు కూర్చోబెట్టాడో నాకు ఇప్పుడు అర్థమైంది.