ఏడు తరాల ఫిడేలు

ఒక్కసారైనా తన కచేరీకి రమ్మని మా చెల్లెలు మూడు నెలలు పోరింది. పెళ్ళయి నెల్లూరు వచ్చాక నేను పుదుచ్చేరి వెళ్ళేది ఏడాదికి ఒకటి రెండు సార్లే, అదీ అమ్మ కోసం. ఈసారి బడికి శనివారం, సోమవారం సెలవు పెట్టి, చెన్నైలో బస్సు మారి, సాయంత్రానికి పుదుచ్చేరి శివారు మురుంగపాక్కంలో అమ్మ ఇల్లు చేరాను. చెల్లెలు ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. పెళ్ళి చేసుకోలేదు, అమ్మను తనే చూసుకుంటుంది. చిన్నప్పుడు మా వీధిలో ఉండే పోస్టాఫీసు గుమాస్తా దగ్గర ఫిడేలు నేర్చుకుంది. ఆయన దగ్గర నేనూ చేరాను గానీ ఆరు నెలలకే మానేశాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను రాయబోయేదంతా అసూయేనని చెల్లెలు అంటుంది.

కచేరీ ఆదివారం పొద్దున పదకొండింటికి. ఆ వేళప్పుడు కచేరీ ఏమిటో అక్కడికి వెళ్తేగానీ తెలియలేదు. సముద్రం పక్కన, ఫ్రెంచి వీధుల్లో ఒక పాత బంగళాను హోటలు చేశారు. పసుపు గోడ, దాని మీద కాగితం పూల తీగ, తీగ కింద ఫొటో దిగడానికి వరుసలో నిలబడ్డ జనం. లోపల పెరట్లో బల్లలు వేసి టిఫినుకూ భోజనానికీ మధ్యరకం తిండి పెడుతున్నారు. దాన్ని బ్రంచ్ అంటారట. పొద్దెక్కి లేచేవాళ్ళు తమ బద్ధకానికి పెట్టుకున్న గౌరవమైన పేరు.

అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. మిగతావాళ్ళంతా నలిగిన బట్టల్లో ఉన్నారు. అలా నలిగి కనబడడానికే కుట్టించుకున్న బట్టలవి. మా పక్క బల్ల దగ్గర ఒకావిడ పుచ్చకాయ ముక్క మీద పుదీనా ఆకు నిలబెట్టి నాలుగు వైపుల నుంచీ ఫొటో తీసింది. ముక్క మాత్రం తినలేదు.

చెల్లెలి బృందంలో ముగ్గురు. గిటారు వాయించేది ఈ ఊరి అమ్మాయే, ఆమె మీద నాకు ఫిర్యాదేమీ లేదు. నాయకుడు మాత్రం ఉత్తరాది మనిషి, వచ్చి నాలుగేళ్ళయిందట. గడ్డం, మెడలో రుద్రాక్షలు, చెప్పుల్లేని కాళ్ళు. ఆయన చెప్పులు మెట్ల దగ్గర చూశాను, మంచి తోలువే. ఆయన వాయించేది రెండు మూకుళ్ళను బోర్లించి అతికించినట్టుండే ఇనుప వాయిద్యం. దాన్ని ఎక్కడ తట్టినా అపస్వరం రాదు. ఆయన దాన్ని ఎంచుకోవడానికి కారణం నాకు వెంటనే తెలిసిపోయింది.

ఆయన మైకు పట్టుకుని ఇంగ్లీషులో నిశ్శబ్దం గొప్పతనం గురించి పది నిమిషాలు మాట్లాడాడు. తర్వాత మా చెల్లెలి వైపు చెయ్యి చాచి, ఈమె ఆలయ విద్వాంసుల వంశంలో ఏడో తరం, తండ్రి ఒడిలో కూర్చుని ఫిడేలు నేర్చుకుంది అన్నాడు.

మా నాన్న నూలు మిల్లులో ఫిట్టరు. ఆయనకు ఫిడేలు చప్పుడు గిట్టేది కాదు. షిఫ్టు దిగి వచ్చి పడుకున్నప్పుడు చెల్లెలు కమాను పట్టుకుంటే దొడ్లోకి తరిమేవాడు.

జనం చప్పట్లు కొట్టారు. చెల్లెలు తల వంచి నమస్కారం పెట్టింది. ఆ నమస్కారంలో తడబాటు ఏమీ లేదు. ఈ మాట తనకు కొత్త కాదని అప్పుడే అర్థమైంది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. “ఏంది చెప్తా ఉండాడు?” అని నన్నడిగింది. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యవచ్చు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను, చెప్పాలనే ఉంది నాకు. అమ్మ విని, ఆయనకెవరో తప్పు చెప్పి ఉంటారులే అంది.

మొదట వాయించినదానికి బల్ల మీద పెట్టిన కార్యక్రమం కాగితంలో ‘సముద్రపు శ్వాస’ అని పేరు వేశారు. నాకు తెలిసినంతలో అది హిందోళం. చెల్లెలు రెండు నిమిషాలు ఒంటరిగా వాయించింది. బాగా వాయించింది. వెక్కిరించడానికి సిద్ధమై కూర్చున్నదాన్ని, ఆ రెండు నిమిషాలు కుర్చీలో కదల్లేదు. ఆ తర్వాత నాయకుడు మూకుళ్ళ మీద చేతులు వేశాడు. వెనక ఎవరో ఆమ్లెట్‌లో ఉల్లిపాయ వద్దని వెయిటరుకు రెండోసారి చెప్తున్నారు.

అంతా అయ్యాక, నేను ఆపేలోగా అమ్మ లేచి నేరుగా నాయకుడి దగ్గరికి వెళ్ళింది. తన భర్త మిల్లు ఫిట్టరనీ, పిల్లకు ఫిడేలు నేర్పిన వాధ్యారు పోస్టాఫీసు గుమాస్తా అనీ, ఆయన పోయాడు గానీ ఈసారి ఆయన పేరు చెప్తే బాగుంటుందనీ తమిళంలో మెల్లగా చెప్పింది. గిటారు అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చింది. నాయకుడు కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు, వంగి అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు, ఆమెతో ఫొటో దిగాడు. అమ్మ పొంగిపోయింది.

నేను చెల్లెల్ని చేతులు కడుక్కునే చోట పట్టుకున్నాను.

“ఏడు తరాలు యాడ్నుంచి వచ్చినాయే?”

“చుమ్మా, ఊరికే ఉండక్కా. ఆయనే చెప్పుకుంటా ఉండాడు. నేనేం చెప్పలా.”

“కాదని చెప్పినావా?”

ఆమె కుళాయి కట్టేసింది. “ఫిట్టరు కూతురు వాయిస్తాదంటే వీళ్ళు ఆగి వినరు. ఇరవై ఏండ్లు ఏ తరమూ చెప్పకుండానే వాయించినా కదా. ఒక్క దినమన్నా వచ్చినావా నువ్వు?”

నేను మాట మార్చి హోటలును తిట్టాను. ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ అమ్మ ఒక్కతే మాట్లాడింది, ఆ నాయకుడి అణకువ గురించి.

మర్నాడు పొద్దున, నాయకుడు నెట్‌లో పెట్టిన ఆ ఫొటో చెల్లెలి ఫోనులోకి వచ్చింది. కింద అమ్మను ఆరో తరం విద్వాంసురాలని రాశాడు. అమ్మ ఫొటో చూసి చీర మడతలు బాగా కుదిరాయంది. చెల్లెలు ఫోను తీసుకుని దొడ్లోకి వెళ్ళి నాయకుడికి చేసింది. అంత కటువుగా ఇంగ్లీషు మాట్లాడగలదని నాకు తెలియదు. అది అక్షరసత్యం కాకపోయినా ఆత్మసత్యం అన్నాడట ఆయన. నా గురించి ఏమన్నా చెప్పుకో, మా అమ్మ జోలికి రావద్దు అంది చెల్లెలు. గంటలో ఆ రాత పోయింది, ఫొటో మిగిలింది.

బృందం మాత్రం వదల్లేదు. ఇప్పుడూ ఆదివారాలు వాయిస్తోంది. నాయకుడు ఆమెను ఈ ఊరి అమ్మాయి అని మాత్రమే పరిచయం చేస్తున్నాడట. చప్పట్లు కొంచెం తగ్గాయని మొన్న ఫోనులో చెప్పింది. ఆ జనానికి చెవులెక్కడున్నాయి అన్నాను. ఆమె నవ్వలేదు, మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. పిల్లల పరీక్షలయ్యాక చూస్తానన్నాను.