కోర్టుకు వచ్చిన పుంజు

నా కూతురు జ్వరంతో పోయాక, అల్లుడు మూడేళ్ల పిల్లను కారేపల్లిలో మా ఇంటి అరుగు మీద దించి, "అత్తా, ఇగో గిప్పుడే వస్త" అన్నాడు. భద్రాచలం వైపు అడవి ఊళ్లలో కోడిపందేలకు పోయాడు. ఐదేళ్లు రాలేదు. ఆ ఐదేళ్లలో పిల్ల బడిలో చేరింది, ఇంటికొచ్చి తన పలక మీద నాకు అక్షరాలు నేర్పింది. దాని చేత నేను తిన్నన్ని మొట్టికాయలు నా తల్లి కూడా వేయలేదు.

పిల్లకు ఎనిమిదేళ్లు నిండాక అల్లుడు దిగాడు. "వండిపెట్టే వయసొచ్చింది గద, తోల్కపోత" అన్నాడు. నేను ఖమ్మం పోయి వకీలును పట్టుకుని, పిల్ల మీద అతని హక్కు తీసేయమని దావా వేయించాను. కోర్టు కాదంటే పిల్ల అతని వెంట పోవాల్సిందే.

వాయిదాకు అల్లుడు చంకలో పుంజుతో వచ్చాడు. బంట్రోతు గుమ్మంలోనే ఆపాడు. అల్లుడు అటూ ఇటూ చూసి, పుంజును కూతురి చేతుల్లో పెట్టాడు.

"పైలం. రొమ్ము కింద చెయ్యి పెట్టు. రెక్క నొక్కకు."

ఐదేళ్ల తర్వాత తండ్రి ఆ పిల్లతో మాట్లాడిన మొదటి మాట అది.

జడ్జిగారు అడిగారు. "పిల్ల ఏ తరగతి?"

"సదువుతాంది సార్."

"ఏ తరగతి అంటున్నాను."

"అది మా అత్తకెరుక."

"కోర్టుకు కోడినెందుకు తెచ్చావయ్యా?"

అల్లుడు నిటారుగా నిలబడ్డాడు. ఇది అతనికి వచ్చిన పాఠం. "ఇంటికాడ ఎవలున్నరు సార్? పొద్దుగాల నానబెట్టిన సజ్జలు, పగటికి గుడ్డు, మాపటికి కాళ్లకు కాపడం. ఒక్క పూట తప్పితే పాడైతది. గసుంటిదాన్ని ఒకలకాడ ఇడిసిపెట్టి ఎట్లొస్త?"

నా వకీలు లేవబోయాడు. జడ్జిగారు చేత్తోనే కూర్చోమన్నారు.

పిల్ల నా దగ్గరే ఉండాలని, తండ్రికి ఇక హక్కు లేదని తీర్పు చెప్పారు. కాగితం అందినట్టు అల్లుడు వేలిముద్ర వేశాడు. గుమాస్తా ఆ సిరా డబ్బానే నా వైపు జరిపాడు. నేను కలం అడిగాను. నాది మూడక్షరాల పేరే కానీ, రాసేసరికి గుమాస్తా రెండుసార్లు ఆవులించాడు.

"జర జల్దీ రాయి అత్తా, దాని గుడ్డు యాళ్ల దాటుతాంది" అన్నాడు అల్లుడు.

"పో. దాన్నన్న సక్కగ సాదుకో" అన్నాను.

గుమ్మంలో పిల్ల పుంజును తిరిగిచ్చింది. "రెక్క నొక్కలే నాయినా" అంది.

అతను రెండు రెక్కలూ ఎత్తి చూసుకున్నాడు.