దూలగొండి విత్తనాలు

హిందూపురంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్నావిడ, ఊపిరి తీసుకోకుండా మా ఇంటి సంగతులు అడగడం మొదలుపెట్టింది. ధర్మవరంలో యాడ, సొంతిల్లేనా, పెరడు ఉండాదా అని ఒకటే ప్రశ్నలు.

"వెనకతట్టు గోడ ఎంత ఎత్తు ఉండాదమ్మా?"

ముక్కూమొహం తెలియని మనిషికి మా గోడ ఎత్తుతో ఏం పని? దొంగలకు ముందుగా ఇట్లాంటివాళ్లే ఇళ్లు చూసిపెడతారని విన్నాను. ఒళ్లోని కూరగాయల సంచిని దగ్గరికి లాక్కున్నాను.

"గోడ సంగతి తెలీదు. ఇంట్లో ముగ్గురు మొగోళ్లుండారు. కుక్క కూడా ఉండాది," అన్నాను.

నిజానికి ఉండేది నేనొక్కదాన్నే. కుక్క కూడా లేదు.

ఆమె పెనుకొండలో దిగబోతూ కొంగుముడి విప్పి, నల్లటి గింజలు కొన్ని నా చేతిలో పోసింది.

"దూలగొండి ఇత్తనాలు. గింజ ఏమీ చేయదులే. ఒక రాత్రి నానబెట్టి గోడ పొడుగునా నాటుకో. తీగ కాయలు కాసినాక, ఆ నూగు తగిలిందంటే గోడ దూకినోడు ఒళ్లంతా గోక్కుంటా పోతాడు."

"మాకెందుకు? మొగోళ్లుండారని చెప్తిని కదా."

ఆమె నా సంచిలోకి చూసింది.

"నలుగురుండే ఇంటికి పావుకేజీ టమోటా, ఒక్క వంకాయ ఎవరు తీసుకుపోతారమ్మా?" అని దిగిపోయింది.

ఆ గింజలను నెలరోజులు ముట్టుకోలేదు. తర్వాత నాటాను. ఇప్పుడు వెనకగోడంతా తీగే. ఆమె మంచిదో, ఇళ్లు చూసిపెట్టే మనిషో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను. టమోటాలు మాత్రం, సగం కుళ్లిపోయినా సరే, కేజీకి తక్కువ కొనడం లేదు.