ఫ్యాన్లు ఆపిన ఆదివారం

రెండేళ్ల కిందట, మండు వేసవిలో జరిగింది. జమ్మలమడుగులోని మా చర్చిలో పాస్టరయ్య ప్రసంగిస్తుంటే నేను కంప్యూటర్‌లో టైపు చేస్తాను. అది గోడమీది టీవీలో కనిపిస్తుంది. వినికిడి పూర్తిగా పోయిన మార్తమ్మవ్వకు వాక్యం అందేది ఆ తెర మీదనుంచే.

ఆ ఉదయం తెరమీద బొమ్మను నడిపే ప్రోగ్రాం, గ్రాఫిక్స్ డ్రైవర్, మార్చగానే తెరంతా గీతలు పడ్డాయి. పాత డ్రైవర్ వేసినా పోలేదు. ప్రొద్దుటూరు మెకానిక్‌కు ఫోన్ చేస్తే, మదర్‌బోర్డును నడిపే మూల ప్రోగ్రాం బయోస్‌ను అప్‌డేట్ చేయమన్నాడు. "మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చినట్టేనప్పా" అని హెచ్చరించాడు.

అప్పటికే ఆరాధన మొదలై సంఘం పాటలు పాడుతోంది. ప్రార్థన చేసుకుని మొదలుపెట్టాను. సగంలో కరెంటు పోయి, కంప్యూటరూ ఫ్యాన్లూ ఇన్వర్టర్ మీద పడ్డాయి. కాసేపటికే అది కీచుమని అరవసాగింది.

"ఫ్యాన్లు ఆపండి! బ్యాటరీ అయిపోతాంది!" అని కేకేశాను.

"ఏందప్పా, పెట్టె కోసం మేం ఉడకాల్నా?" అన్నాడు సంఘపెద్ద యోహాను మామ.

"పెట్టెకు గాదు మామా, మార్తమ్మవ్వకు" అంది పాస్టరమ్మ.

మామ లేచి స్విచ్చులన్నీ ఆపేశాడు. అవ్వ పక్కన కూర్చుని తువ్వాలతో విసరసాగాడు. ఆ రేకుల కప్పు కిందనుంచి ఒక్కరూ బయటికి పోలేదు, పాటా ఆగలేదు.

అప్‌డేట్ పూర్తయింది. డ్రైవర్ మళ్లీ వేస్తే గీతలు పోయి అక్షరాలు నిలిచాయి. జరిగిందేమీ తెలియని అవ్వ మామవైపు తిరిగి, "ఏంరా యోహానూ, చెమటలు నీకు కారతాంటే నాకు విసురుతాండావే!" అని నవ్వింది.

సంఘమంతా ఒకే శరీరమని సండేస్కూలు పిల్లలకు ఎన్నోసార్లు బోధించాను. ఆ శరీరానికి చెమట పట్టడం మాత్రం ఆ రోజే చూశాను.