గుడ్లగూబ బుగ్గ మీద చుక్క

ఆరేళ్ళుగా నేను మోస్తున్న బరువు పెద్దదేమీ కాదు. ఆవగింజలో సగం ఉంటుంది. తెల్లగా ఉంటుంది. తెనాలిలో నా ఫోటో స్టూడియోలో కూర్చుని సన్న కుంచెతో నా చేత్తో నేనే పెట్టిన చుక్క అది. దాని మూలంగా రేపల్లెలో ఒక పెద్దమనిషి ఏటా ఏప్రిల్ నెలంతా డాబా మీద మెడ నొప్పి తెచ్చుకుంటున్నారు. ఈ సంగతి మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీకు మాస్టారు తెలియదు కాబట్టి. నాకున్న ధైర్యం అంతవరకే.

మాస్టారంటే రేపల్లెలో సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన పేరు చెప్పను, నా పేరూ చెప్పను. రిటైరయ్యాక ఆయన రెండేళ్ళు కూర్చుని అద్దం అరగదీసి, ఎనిమిదడుగుల బోరు పైపులో బిగించి టెలిస్కోపు చేసుకున్నారు. గొట్టం అంత పొడవుంటే ఆకాశంలో చిన్న వస్తువు కూడా ఫిల్ము మీద పెద్దగా పడుతుందట. కాకపోతే దాని వెలుగు పలచబడిపోతుంది, పప్పుచారులో చెంబుడు నీళ్ళు పోసినట్టు. అందుకని కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి.

ఆయన కోరిక ఒక్కటే. సప్తర్షి మండలంలో పులహుడనే నక్షత్రం పక్కనే గుడ్లగూబ నెబ్యులా అని ఒకటుంది. ముసలిదైపోయిన నక్షత్రం ఒంటి మీది పొరలు వదిలేస్తే చుట్టూ గుండ్రంగా పొగలా మిగిలేది. అందులో రెండు నల్లటి గుంటలు కళ్ళలా ఉంటాయి కాబట్టి ఆ పేరు. దాన్ని తన టెలిస్కోపుతో ఫోటో తీసి, బాపట్లలో ఒక కాలేజీ వాళ్ళు పెట్టే సైన్సు ఎగ్జిబిషన్‌లో చూపించాలి. వాళ్ళావిడకి, నేను పిన్నిగారంటాను, ఇది బొత్తిగా నచ్చలేదు. "గుడ్లగూబ ఇంటి మీద వాలితేనే శాంతి చేయిస్తారు. ఈయన పైపు పెట్టి మరీ పిలుస్తున్నారు," అనేవారు.

మంచి ఫిల్ము కెమెరా ఉండటమే నా అర్హత. రెండు వేల మూడు వేసవిలో మూడు రోజులు వరసగా స్టూడియో మూసేసి సాయంత్రం ప్యాసింజర్లో రేపల్లె వెళ్ళాను. ఎనిమిదింటికి కరెంటు పోయేది. ఊరంతా తిట్టుకునేది. మాస్టారు మాత్రం ఆకాశం నల్లబడిందని చేతులు రుద్దుకునేవారు. నేను కెమెరా తెరిచేవాణ్ణి. ఆయన పక్కనున్న చిన్న దుర్బిణికి కన్ను ఆనించి, ఒక నక్షత్రాన్ని దారాల కూడలిలో ఉంచి, అది జరిగినప్పుడల్లా మర తిప్పేవారు. యాభై నిమిషాలు. పైపు కదలకూడదు. దోమల కాయిల్ పెడితే పొగ అడ్డమని ఆర్పించారు. చెవి మీద వాలిన దోమను కొడితే పైపు ఊగుతుందని కొట్టలేదు. అరవై రెండేళ్ళ మనిషి, మూడు సాయంత్రాలు, ఒక్క దోమను కూడా కొట్టలేదు.

నాలుగో రోజు తెనాలిలో ఫిల్ము వెనక్కి చుట్టబోతే మర గిర్రున తిరిగింది. తేలిగ్గా. ఆ తేలికకి నా గుండె బరువెక్కింది. ఫిల్ము కొస అవతలి చక్రానికి పట్టుకోనే లేదు. కెమెరా మీద లెక్క చూపే అంకె కదిలింది, లోపల ఫిల్ము కదల్లేదు, ఒక్క బొమ్మా దక్కలేదు. కొత్తగా పని నేర్చుకునేవాడు చేసే తప్పు. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను, ఒక్క తాళికట్టు కూడా పోగొట్టలేదు. పోయి పోయి ఇక్కడ పోగొట్టాను.

చెప్పేయొచ్చుగా? చెప్పొచ్చు. ఆయన కోప్పడేవారు కూడా కాదు. "సరేలే అబ్బాయ్, మళ్ళీ తీద్దాం," అనేవారు. అదే నాకు భయం. తెనాలి బజారులో నా అంతటివాడు లేడని పేరున్న నేను ఫిల్ము ఎక్కించడం చేతకానివాణ్ణని ఒక్క మనిషికి తెలిసినా తట్టుకోలేననిపించింది. మబ్బులు పట్టాయి. ఎగ్జిబిషన్ వారంలో ఉంది. నాకు నేను ఈ రెండు కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం ఇప్పుడు మీకు చెప్పాను.

నల్ల డ్రాయింగ్ షీటు తీశాను. మాస్టారిచ్చిన చార్టు చూసి నక్షత్రాలన్నీ తెల్ల రంగుతో లెక్క తప్పకుండా పెట్టాను. స్టూడియోలో అద్దం దగ్గర అందరూ మొహానికి రాసుకునే పౌడరు తీసి, పఫ్‌తో గుండ్రంగా అద్ది, వేలితో రెండు కళ్ళు తుడిచాను. కళ్ళు కొంచెం పెద్దవి చేశాను. అలవాటు. ఎంత ముద్దుగా వచ్చిందో! చంటిపిల్లల ఫోటో బాగా వస్తే నా చెయ్యి ఊరుకోదు. తల్లి మరిచిపోతే నేనే బుగ్గ మీద చుక్క పెడతాను. మా అమ్మ నజర్ అంటుంది, మీరు దిష్టి అంటారు, మా స్టూడియోలో రెండింటికీ చుక్క ఒకటే. నల్ల కాగితం మీద నల్ల చుక్క కనబడదు కదా అని తెల్లది పెట్టాను. ఆలోచించి పెట్టలేదు. చెయ్యి పెట్టింది. ఆ షీటును కాస్త మసకగా ఫోటో తీసి, ప్రింటు వేసి, ఫ్రేము కట్టి ఇచ్చాను.

మాస్టారికి కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి చూసి నాకూ వచ్చాయి, వేరే కారణంతో.

బాపట్ల ఎగ్జిబిషన్‌లో ఒక కుర్ర లెక్చరరు చార్టు పక్కన పెట్టుకుని ఫోటోను చాలాసేపు చూశాడు. గుడ్లగూబ బుగ్గ దగ్గర వేలు పెట్టి, "ఈ నక్షత్రం చార్టులో లేదండి మాస్టారూ," అన్నాడు. మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఏంటబ్బాయ్ ఇది? ఫిల్ము మీద దుమ్మేమన్నా పడిందంటావా?"

చూశారా, దేవుడు తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు. "అవునండి, దుమ్మే," అంటే అయిపోయేది. చుక్క పోయేది, మాస్టారి మర్యాద నిలిచేది, నేనూ బయటపడేవాణ్ణి. నేనేమన్నానో తెలుసా?

"నా స్టూడియోలో దుమ్మెక్కడిదండీ మాస్టారూ!"

రోషంగా అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినబడేలా అన్నాను. ఫోటో దొంగదే అయినా స్టూడియో శుభ్రమైనదని నిరూపించుకోవాలన్న తపన ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "అయితే కొత్త నక్షత్రం!" అన్నారు.

అక్కణ్ణుంచి మొదలు. ఉన్నట్టుండి వెలిగి మళ్ళీ మసకబారే నక్షత్రాలు ఉంటాయట. ఇది ఆ జాతిదని ఆయన నమ్మకం. ఏటా ఏప్రిల్లో డాబా ఎక్కడం, వెతకడం, నోటుబుక్కులో "కనబడలేదు" అని రాసుకోవడం. మూడో ఏడు, లోపం తన కళ్ళదేనని, ఎన్నాళ్ళుగానో భయపడి వాయిదా వేస్తున్న శుక్లాల ఆపరేషన్ రెండు కళ్ళకీ చేయించుకున్నారు. పేపరు అద్దాలు లేకుండా చదువుతున్నారు. పిన్నిగారు నాకు దండం పెట్టినంత పని చేశారు. మాస్టారు మాత్రం చుక్క కనబడలేదని డాక్టరుతో గొడవ పెట్టుకుని వచ్చారు. ఆ డాక్టరుకి కూడా నేను క్షమాపణ బాకీ.

మొన్న ఏప్రిల్లో ఫోన్ చేశారు. "కొత్త డిజిటల్ కెమెరాల్లో బొమ్మ అప్పటికప్పుడే కనబడుతుందటగా, తీసుకురా అబ్బాయ్." నేను అలాంటిది కొన్న సంగతి ఇన్నాళ్ళూ దాచాను. ఇక కుదరలేదు. వెళ్ళాను. ఈసారైనా బయటపడుతుందని భయపడ్డాను. బయటపడాలని కోరుకున్నాను కూడా. రెండూ నిజమే.

అదే పైపు, అవే దోమలు. గంట తర్వాత కెమెరా వెనక తెర మీద బూడిద రంగులో ఒక గుండ్రటి మసక. కళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టు ఉన్నాయి. అసలైన గుడ్లగూబ. బుగ్గ మీద ఏమీ లేదు. ఇంత దూరం నుంచి నిజంగా వచ్చిన వెలుగు నా కెమెరాలో పడింది. ఇప్పుడు చెప్పాలి. నోరు తెరిచాను.

మాస్టారు ఆ తెరని చాలాసేపు చూశారు. పెదవి విరిచారు.

"ఇది సరిగ్గా రాలేదబ్బాయ్. నీ పాత ఫోటోయే నయం. అందులో చుక్కతో సహా పడింది."

పిన్నిగారు పెట్టిన మిరపకాయ బజ్జీలు తిని చివరి బస్సుకి వచ్చేశాను.

ఆ మసక బొమ్మను ప్రింటు తీసి స్టూడియోలో నా కుర్చీకి ఎదురుగా పెట్టుకున్నాను. ఇది పాడైపోయిన ఫోటో కదండీ అని వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. దానికి కుంచె ముట్టించలేదు. చెయ్యి లేచింది, పట్టుకుని ఆపాను.

చుక్క పెట్టింది నేనే. పౌడరు గుడ్లగూబా నాదే. ఈ రెండు వాక్యాలూ ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాశాక కొంచెం ఊపిరాడుతోంది. మాస్టారు మాత్రం వచ్చే ఏప్రిల్లో మళ్ళీ డాబా ఎక్కుతారు. చెవి మీద దోమ వాలుతుంది. కొట్టరు.